ట్రిప్ అవుతున్న గీజర్‌ను మీరు విప్పకండి

చలి ముదిరింది. రోజూ పొద్దున వచ్చే కనిష్ఠ ఉష్ణోగ్రతల పట్టికలో కోహీర్, జహీరాబాద్, పటాన్‌చెరు పేర్లు పైకి ఎక్కే కాలమిది. ఇస్నాపూర్, బొల్లారం, అమీన్‌పూర్, బీరంగూడ, రామచంద్రాపురం ఇళ్లలో తెల్లవారకముందే గీజర్లు, బకెట్లలో హీటర్ రాడ్లు ఒకేసారి ఆన్ అవుతాయి. ఫస్ట్ షిఫ్టు బస్సు వచ్చే వేళకు గీజర్ ట్రిప్ అవుతుంది. కరెంటు పని చేసేవాళ్లు ఆ టైముకు దొరకరు. ఇంటాయన టెస్టరు, స్క్రూడ్రైవరు పట్టుకుని స్టూలెక్కుతాడు. దయచేసి దిగండి. ఈ నాలుగు మాటలు చదివి అప్పుడు ఆలోచించండి.

2022 అక్టోబరులో హైదరాబాద్ లంగర్‌హౌజ్‌లో ఒక యువ జంట స్నానాల గదిలో గీజర్ షాక్‌కు ప్రాణాలు కోల్పోయింది. ఆయన డాక్టరు, ఆమె వైద్య విద్యార్థిని. 2024 ఆగస్టులో ఖమ్మంలో ఒకాయన ఫోన్ మాట్లాడుతూ, పరధ్యానంలో, కరెంటు పారుతున్న హీటర్ రాడ్‌ను చంకలో పెట్టుకుని చనిపోయాడు. చదువు, వయసు, అనుభవం చూసి ఆగేది కాదు కరెంటు.

మన దగ్గర ఇంకో ముప్పుంది. పటాన్‌చెరు చుట్టూ ఉన్న ఈ పారిశ్రామికవాడలో ఇంటికో ఫిట్టరో, ఎలక్ట్రీషియనో, ప్యానెల్ బోర్డు చూసే మనిషో ఉంటాడు. ‘కంపెనీల బాయిలర్ నడిపిస్త, నాకు గీజర్ ఒక లెక్కనా’ అనే ధైర్యం వాళ్లకు సహజం. కానీ కంపెనీలో ఆ పని ఒంటరిగా చేయరు. పర్మిట్ రాస్తారు, మెయిన్ ఆపి తాళం వేస్తారు, బోర్డుకు ట్యాగు కడతారు. బాయిలర్‌కు ఇన్‌స్పెక్టర్ తనిఖీ, ధ్రువపత్రం ఉన్న అటెండెంట్ తప్పనిసరి. 25 లీటర్ల లోపు పాత్రను బాయిలర్ చట్టం అసలు లెక్కలోకే తీసుకోదు. అంటే మీ బాత్రూం గోడకు వేలాడే గీజర్‌ను తనిఖీ చేసే అధికారి ఎవరూ లేరు. కంపెనీలో మీ చుట్టూ ఉండే కాపలా ఇంట్లో ఒక్కటీ ఉండదు, నేల మాత్రం తడిగా ఉంటుంది.

ట్రిప్ అవడమంటే ఏమిటో ముందు తెలియాలి. గీజర్‌లో నీళ్లు కాచే ఎలిమెంటు ఒక లోహపు గొట్టం. దాని లోపల కాయిల్‌కూ గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి నింపి ఉంటుంది. మన బోరు నీళ్లలోని సున్నం గొట్టం మీద గార కట్టి, వేడి బయటికి పోనివ్వదు. గొట్టం మాడి పగులుతుంది, పొడిలోకి తేమ దిగుతుంది, కరెంటు నీళ్లలోకి జారుతుంది. ఇంట్లో లీకేజీని పసిగట్టే ఆర్‌సీసీబీ ఉంటే 30 మిల్లీ ఆంపియర్లు లీకయ్యేసరికే పడిపోతుంది. మామూలు ఎంసీబీకి ఆ లీకేజీ కనపడనే కనపడదు. అది పడాలంటే ఆంపియర్లకు ఆంపియర్లు పారాలి. మనిషి గుండె ఆగడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. ‘ఎంసీబీ ఉంది కదా’ అన్న భరోసా ఇక్కడ పనికిరాదు.

అయినా జరుగుతున్నదేమిటి? 16 ఆంపియర్ల ఎంసీబీ పడుతోందని 32 పెట్టించేవాళ్లున్నారు. ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా వైరు కలిపేవాళ్లున్నారు. వేడి మితిమీరితే కరెంటు ఆపే కటౌట్ ఊరికే పడుతోందని దానికి జంపర్ వేస్తారు. ఎర్త్ వైరు తగిలితే ట్రిప్ అవుతోందని ఆ వైరే పీకేస్తారు. అప్పుడిక ట్రిప్ కాదు నిజమే, లీకైన కరెంటు గీజర్ బాడీ మీద, కుళాయి మీద కూర్చుని మీ చేయి కోసం ఎదురు చూస్తుంది. వీటన్నిటికన్నా ఘోరం సేఫ్టీ వాల్వు చుక్కలు కారుతోందని దాన్ని బిరడా వేసి మూయడం. నీళ్లు కాగేటప్పుడు ఆ వాల్వు నుంచి కొన్ని చుక్కలు రావడం మామూలే. దాన్ని మూసేశాక థర్మోస్టాట్ అతుక్కుపోయిందంటే ఆవిరికి దారుండదు, ట్యాంకు పేలవచ్చు.

మీరు చేయదగిన పరీక్ష ఉంది, దానికి స్క్రూడ్రైవరు అక్కర్లేదు. పొడి చేత్తో, చెప్పులేసుకుని, ముందు మెయిన్ ఆపి, గీజర్ ప్లగ్గు పీకి, మళ్లీ మెయిన్ వేయండి. అప్పుడూ ట్రిప్ అయితే తప్పు ఇంటి వైరింగులోనో, వేరే పరికరంలోనో ఉంది. ప్లగ్గు పెట్టగానే ట్రిప్ అయితే ఎలిమెంటునో, గీజర్ లోపలి వైరునో అనుమానించాలి. ప్లగ్గు, సాకెట్టు నల్లబడి ఉన్నాయేమో, మాడు వాసన వస్తోందేమో చూడండి. లైటు వెలిగీ నీళ్లు కాగకపోయినా, లోపల గళగళ చప్పుడుతో ఆవిరి చిమ్మినా ఆపేయండి. చూసినవన్నీ మెకానిక్‌కు చెప్పండి, అతని పని సగం తగ్గుతుంది. మూత విప్పడం మాత్రం మీ పని కాదు. కొన్ని ఇళ్లలో ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉంటాయి, స్విచ్ ఆపినా కాయిల్‌లో కరెంటు ఉంటుంది.

గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లకు వేరే హెచ్చరిక. గాలి ఆడని బాత్రూంలో అది మండితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం అనిపించేలోపే మనిషి కూలబడతాడు. మంట నీలంగా కాక పసుపుగా ఉంటే వెంటనే ఆపండి. గీజర్‌ను బాత్రూం బయట, గాలి పారే చోటే బిగించుకోవాలి. సిలిండరు లీకైతే 1906కు ఫోన్ చేయండి.

ఇక ఇంటి యజమానులతో ఒక మాట. పాశమైలారం, బొంతపల్లి, గడ్డపోతారం చుట్టూ వరస గదులు కట్టి బిహార్, ఒడిశా నుంచి వచ్చిన కార్మికులకు అద్దెకిస్తున్నారు. ఆ గదుల్లో చాలాచోట్ల ఒక్క 6 ఆంపియర్ల సాకెట్టే దిక్కు. 1500 వాట్ల రాడ్ 6.5 ఆంపియర్లు లాగుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు కరుగుతుంది, లావు పిన్ను విరిగిన ప్లగ్గును పుల్లతో దూరుస్తారు, ఎర్త్ సంగతి ఎవరికీ పట్టదు. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు తర్వాత ఫ్యాక్టరీల భద్రత గురించి అందరం మాట్లాడాం. అదే కార్మికుడు షిఫ్టు దిగి వచ్చే గది గురించి ఎవరం అడగలేదు. అద్దె తీసుకునేవారు ఎర్త్ గుంత తవ్వించాలి, వరసకొక ఆర్‌సీసీబీ పెట్టించాలి, 16 ఆంపియర్ల సాకెట్టు ఇవ్వాలి. దానికయ్యే ఖర్చు ఒక చావు ముందు ఏపాటిది? ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కితే టక్కున పడాలి, పడకపోతే మార్పించాలి. రాడ్ వాడేవాళ్లు ఐఎస్ఐ ముద్ర చూసి కొనండి. నీళ్లు కాగాయో లేదో వేలు పెట్టి చూడకండి. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకాకే బకెట్టు ముట్టుకోండి. ఈ మాటలు హిందీలో, ఒడియాలో రాయించి గది తలుపుకు అంటించండి.

ఎవరికైనా షాక్ కొడితే చేత్తో లాగకండి, రెండో ప్రాణం అలాగే పోతుంది. మెయిన్ ఆపండి. మెయిన్ అందకపోతే ఎండు కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో మనిషిని తప్పించండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, నిమిషానికి వందకు పైగా నొక్కుతూ ఉండండి, పక్కవాళ్లను 108కి ఫోన్ చేయమనండి. స్తంభం దగ్గర వైరు తెగినా, ఇంటికొచ్చే సర్వీసు వైరులో మెరుపులు వచ్చినా కరెంటు ఆఫీసు నంబరు 1912.