కిరాయిలో కలిసిపోతున్న తరుగు

బస్తాకు కిలో తరుగు ఎక్కువ తీశారంటే మిర్చి యార్డులో పెద్ద రభస జరుగుతుంది. అదే సరుకు లారీ ఎక్కిన తరువాత దారిలో డీజిల్ రూపంలో పోయే తరుగును మాత్రం ఎవరూ అడగరు. అది లారీ యజమాని గొడవ అని ఊరుకోవడం మన వర్తకులకు అలవాటైపోయింది. ఈ అలవాటు వల్ల నష్టపోతున్నది వర్తకులేనని చెప్పవలసి వస్తున్నది.

డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ 2014 అక్టోబరులో తొలగింది. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా రోజువారీ సవరణ పద్ధతి వచ్చింది. ధర మన చేతిలో లేదు. కాని లీటరుకు ఎన్ని కిలోమీటర్లు రాబట్టగలమన్నది చాలావరకు మన చేతిలోనే ఉన్నది.

లెక్క చూద్దాం. గుంటూరు నుంచి చెన్నై సుమారు 400 కిలోమీటర్లు. 200 క్వింటాళ్ళ సరుకుతో లారీ లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తే 100 లీటర్లు చాలు. మరమ్మతు సరిగా లేక 3.6 కిలోమీటర్లకు దిగితే 111 లీటర్లు కావాలి. లీటరు 95 రూపాయలనుకున్నా ట్రిప్పుకు వెయ్యి రూపాయల పైచిలుకు అదనం. అంటే క్వింటాలుకు 5 రూపాయలు. నెలకు 10 ట్రిప్పుల చొప్పున ఏడాదికి లక్షా పాతిక వేలు దాటుతుంది. ఇది ఉదాహరణకు వేసిన లెక్క. ఎవరి అంకెలు వారు వేసి చూసుకోవచ్చు.

ఇంత సొమ్ము పోతున్నా కంటికి ఆనకపోవడానికి కారణం ఖాతా పుస్తకంలోనే ఉన్నది. మరమ్మతులు ఒక పద్దు, డీజిల్ మరొక పద్దు. మరమ్మతుల పద్దు తగ్గితే గుమాస్తాను మెచ్చుకుంటాము. అదే నెలలో డీజిల్ పద్దు పెరిగితే ప్రభుత్వాన్ని తిడతాము. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేవారు అరుదు.

డీజిల్ ఎక్కడ పోతున్నది? మొదటిది టైర్లలో గాలి. సగటున ఒక్కొక్క పాయింటు తగ్గుదలకు మైలేజీ 0.2 శాతం పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ కార్లకు లెక్కగట్టింది. పది పాయింట్లు తగ్గితే రెండు శాతం పోయినట్టే. గాలి కొట్టించడానికయ్యే ఖర్చు ఎంతో అందరికీ తెలుసు. రెండవది పట్టి ఉన్న బ్రేకు. నాలుగు చక్రాలలో ఒక్క డ్రమ్ము మాత్రమే కాలిపోతూ ఉంటే ఇంజను లాగుతున్నది సరుకును మాత్రమే కాదు, ఆ బ్రేకును కూడా. మూడవది అరిగిన ఇంజెక్టరు. పొగగొట్టం నుంచి వచ్చే నల్లటి పొగ సగం కాలి వృథా అయిన డీజిలే. నాసిరకం డీజిల్ ఫిల్టరు వేస్తే నలుసులు దాటిపోయి ఇంజెక్టరును తినేస్తాయి. ఫిల్టరులో మిగిల్చుకున్నది ఇంజెక్టరుకు వడ్డీతో సహా చెల్లించాలి. ఇక మన ఊళ్ళు ఎలాగూ వేడి ఊళ్ళే కదా అని థర్మోస్టాట్ పీకి పారేసే మెకానిక్కులు ఉన్నారు. ఇంజను తనకు కావలసిన వేడికి చేరకుండా నడిస్తే ఇంధనం ఎక్కువే తాగుతుంది.

అయితే కొత్త భాగం వేసిన ప్రతిసారీ మైలేజీ పెరుగుతుందనుకోవడం కూడా పొరపాటే. గాలి ఫిల్టరు మూసుకుపోతే పెట్రోలు బాగా ఎక్కువ తాగుతుందన్న మాట పాత కార్బురేటరు బళ్ళ నాటిది. నేటి కార్లలో మైలేజీకి తేడా దాదాపు లేదని, పికప్ మాత్రం తగ్గుతుందని 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల పరీక్షలో తేలింది. ఇంజనును దుమ్ము నుంచి కాపాడేందుకు ఫిల్టరును మార్చవలసిందే. మైలేజీ మంత్రమని అమ్మితే మాత్రం నమ్మనక్కరలేదు.

అసలు చిక్కు కిరాయి బేరంలో ఉన్నది. సీజనులో లారీలు వరుసకట్టి ఉన్నప్పుడు మనం కిరాయిని పిండుతాము. యజమాని డీజిలుకు, టోలుకు, డ్రైవరు బత్తాకు కోత పెట్టలేడు. కోత పడేది సర్వీసుకు, విడిభాగాలకే. బిల్లు లేని డూప్లికేటు సరుకు ఆటోనగర్ల దాకా రావడానికి ఆ బేరమే దారి చూపుతున్నది. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాలన్నింటిపైనా జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు వాటిలో చాలావాటిపై 28 శాతం ఉండేది. పన్ను భారమనే సాకు ఆ మేరకు తగ్గింది. ఇకనైనా బిల్లుతో కొనమని అడగడం న్యాయం.

వర్తకులు చేయగలిగింది ఒకటున్నది. ఏడాది పొడుగునా ఒకే లారీలు కట్టించుకునేవారు కిరాయి మాట్లాడేటప్పుడే మైలేజీ పుస్తకం అడగాలి. ట్యాంకు నిండా పోయించి, తిరిగి నిండా పోయించేదాకా తిరిగిన కిలోమీటర్లను, పోయించిన లీటర్లతో భాగించాలి. ఒకే దారి, ఒకే బరువు అయితేనే పోలిక నిలుస్తుంది. వరుసగా మూడు ట్రిప్పులు అంకె దిగజారితే బండిని షెడ్డుకు పంపాలి. ఆ పొదుపులో కొంత యజమానికి వదిలితే అతడూ అసలు సరుకే కొంటాడు.

సరుకు తూకంలో గ్రాములు చూసే వర్తకుడు డీజిల్ తూకంలో లీటర్లు వదిలేయడం వ్యాపార లక్షణం కాదు.