రైతు కాలికి బూటు కూడా పనిముట్టే

కర్రు అరిగితే కమ్మరి దగ్గరికి పోతాం. స్ప్రేయరు వాషరు పోతే ఆ పూటే మార్పిస్తాం. కాలికి మాత్రం సంతలో దొరికిన హవాయి చెప్పులు తొడుక్కుని, పట్టీ తెగితే పిన్నీసు గుచ్చి మళ్లీ అదే చేలో దిగుతాం. పత్తి కొయ్యకాలు ఆ రబ్బరులోంచి అరికాలికి దిగితే ఖర్మ అనుకుంటాం. అది ఖర్మ కాదు, చెప్పు మందం చాలకపోవడం.

ఇది సుకుమారం సంగతి కూడా కాదు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా 58 వేల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. ఆ చావుల్లో దాదాపు 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగాయి. తెలంగాణతో కలిపి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. సగం మంది పోయింది జూన్, సెప్టెంబరు మధ్య, అంటే మనం విత్తే, కలుపు తీసే రోజుల్లో. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024 మార్చిలో ఒక కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. విరుగుడు మందు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలని మనం గట్టిగా అడగాల్సిందే. కాని అది కాటు పడ్డాక మాట. చేలో రక్తపింజర పట్టేది ఎక్కువగా పాదం, చీలమండ, పిక్క కింది భాగం. అక్కడ మందపాటి తోలు ఉంటే ప్రతి కాటూ ఆగిపోతుందని చెప్పలేం. వట్టి కాలితో పోలిస్తే మాత్రం ఎంతో మేలు.

తోలు బూటు అన్ని పనులకూ పనికిరాదు, ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. దమ్ము చేసే మడిలో అది నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, కుట్టు కుళ్లుతుంది. పురుగుమందు కొట్టేటప్పుడు అసలే వద్దు. తోలు మందును తాగేస్తుంది, కడిగినా పోదు, రోజూ కాలికి అంటుతూనే ఉంటుంది. ఆ పనికి మోకాలి కింది దాకా వచ్చే రబ్బరు బూటే సరి, ప్యాంటు దాని పైకి దించుకోవాలి. తోలు బూటుకు పని మెట్ట చేలలో: పత్తి, కంది, మిరప, వేరుశనగ, తోటలు, ట్రాక్టరు, కంప కొట్టడం.

కొనేటప్పుడు మెరుపు చూడకండి. తెగిన అంచు చూడండి. మంచి తోలు అంచు పైనుంచి కిందికి ఒకే పీచుగా ఉంటుంది. అడుగున గుడ్డ, పైన రంగు ప్లాస్టిక్ పొర కనిపిస్తే అది తోలు కాదు. వేలితో నొక్కితే సన్నని ముడతలు పడాలి. అడుగు పైభాగానికి కుట్టి ఉందా, గమ్ముతో అంటించి ఊరుకున్నారా అన్నది అంతకన్నా ముఖ్యం. కుట్టిన అడుగు అరిగితే విప్పి కొత్తది వేయించుకోవచ్చు. అంటించింది ఒక వానాకాలంలో నోరు తెరుస్తుంది. చేత్తో కుట్టిన బూటుకు ఎక్కువ పెట్టడంలో లాభం అక్కడే ఉంది.

ఇక సైజు. డబ్బు పెట్టి కొన్న బూటు చూరులో పడి ఉండడానికి సగం కారణం ఇదే. మన దుకాణాల్లో నడిచేది ఇంగ్లీషువాళ్ల నంబర్ల పద్ధతి. ఒక నంబరుకూ పై నంబరుకూ పొడవులో తేడా ఇంచిలో మూడో వంతు. పాదం వెడల్పు గురించి ఆ నంబరు ఏమీ చెప్పదు. చిన్నప్పటి నుంచి ఒట్టికాళ్లతో నడిచిన మన పాదాలు వేళ్ల దగ్గర విచ్చుకుని ఉంటాయి. వెడల్పు పట్టదు కాబట్టి ఒక నంబరు పెద్దది కొంటాం. అప్పుడు మడమ జారుతుంది, బొబ్బలు లేస్తాయి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 చివర, 2022 మొదట్లో దేశంలోని 79 చోట్ల 1,01,880 మంది పాదాలు కొలిచింది. యూరప్, అమెరికా వాళ్లకన్నా మన పాదం వెడల్పని అందులో తేలింది. దాని మీద ‘భా’ అనే మన సైజుల పద్ధతిని తయారు చేశారు. అది ఊరి దుకాణం దాకా వచ్చేలోపు మన కొలత మనమే తీసుకోవాలి.

పొద్దున తీసుకోవద్దు. పని చేసి వచ్చాక సాయంత్రం పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, అదే అసలు కొలత. రెండు కాళ్లూ కాగితం మీద పెట్టి, కూర్చుని కాదు, బరువంతా మోపి నిలబడాలి. పెన్సిలు నిటారుగా పట్టి ఇంకొకరు చుట్టూ గీయాలి. వేళ్ల మొదట్లో వెడల్పైన చోట ఒకసారి, పాదం పైగట్టు చుట్టూ ఒకసారి టేపు చుట్టి రాసుకోవాలి. చాలామందికి ఒక పాదం పెద్దది. దాని లెక్కే తీసుకోండి. ఆనెలు ఉంటే ఆ చోట గుర్తు పెట్టండి, కుట్టేవారు అక్కడ కొంచెం వదులిస్తారు. వేసి చూసేటప్పుడు మందపాటి మేజోళ్లు తొడగండి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కాలువ గట్టు దిగినప్పుడు గోరు ముందుకు తగిలితే ఆ బూటు వద్దు. కొత్త తోలు కొద్ది వారాల్లో పక్కలకు సాగుతుంది, పొడవు మాత్రం సాగదు. "వాడితే సర్దుకుంటుంది" అని దుకాణదారు అన్నప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి. షుగరు ఉన్నవారికి బూటు ఒరుసుకున్నా తెలియదు, వాళ్లు మరీ జాగ్రత్త పడాలి.

ఆడవారి సంగతి మరీ అన్యాయం. కలుపు తీసేది, పత్తి ఏరేది ఎక్కువగా వాళ్లే. వాళ్ల కాలికని పనిబూటు మార్కెట్లో కనిపించడమే అరుదు, దొరికేది మగవాళ్ల అచ్చులో చిన్న నంబరు. ముందు సరిపోతే మడమ దగ్గర వదులు. ఇంటికో జత కొనేటట్టయితే మొదటి జత ఆమెకే కుట్టించాలని మేమంటాం.

కుట్టేవారు మనకు కొత్త కాదు. మోటబావి తొండం, ఎద్దు మెడపట్టెలు, చెర్నాకోల, కిర్రు చెప్పులు అన్నీ మాదిగ ఇళ్ల నుంచి వచ్చినవే. తంగేడు చెక్కతో, కరక్కాయతో లందలో తోలు ఊనిన చేతులవి. వాళ్లకు మనం ఇచ్చింది కళ్లంలో మేర గింజలు, ఊరి బయట ఇల్లు. చెప్పులు కుట్టినవాళ్లే గడి ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన ఊళ్లివి. మోట పోయి మోటారు వచ్చింది, ప్లాస్టిక్ చెప్పు వచ్చింది, ఆరె పట్టే చేతులు తగ్గిపోయాయి. ఇప్పుడు మళ్లీ వాళ్ల పనితనం కావాలంటే గింజల లెక్కన కాదు, కూలి లెక్కకట్టి ముందస్తు ఇచ్చి అడగాలి. బేరమాడే అలవాటు పురుగుమందుల కొట్లో చూపిస్తే బాగుంటుంది.

ప్రభుత్వాల వంతు కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా ఉన్న జతకు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. 2,500 బూటుకు పన్ను 125 రూపాయలు, 3,000 బూటుకు 540. నాలుగేళ్లు మన్నే గట్టి బూటు సరిగ్గా ఆ గీత అవతలే పడుతుంది. పనిబూటును షోకు బూటుతో కలిపి తూచడం మానాలి. బొగ్గు గనిలో దిగే కార్మికుడికి యాజమాన్యం బూట్లు ఇవ్వాలని నిబంధనలున్నాయి. తాడిచెట్టెక్కే గీత కార్మికులకు తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం కిట్లు మొదలుపెట్టింది, మంచి పని. అదే చేతితో రైతుకూలీకి జత బూట్లు ఇవ్వాలి. యంత్రాలకు 40, 50 శాతం రాయితీ ఇచ్చే ఖజానాకు ఇది మోయలేని బరువు కాదు. ఆ ఆర్డరు పెద్ద కంపెనీలకు కాక తోలు పనివారి సంఘాలకే పోవాలి.

అప్పటిదాకా గ్రామ శాఖలు ఒక పని చేయవచ్చు. వేసవిలోనే కావలసినవారి పాదాల గీతలు, కొలతలు కాగితాల మీద తీసి, పేరు రాసి, పది ఇరవై జతలు ఒకే చోట కుట్టించండి. ధర తగ్గుతుంది, కుట్టేవారికి నెల పని దొరుకుతుంది. బూటు వచ్చాక వారం రోజులు ఇంటి దగ్గరే గంటా రెండు గంటలు తొడిగి, తర్వాతే చేలోకి దిగండి. యూరియా చల్లిన రోజు తడిగుడ్డతో తుడవండి. తడిస్తే లోపల పాత పేపర్లు కూరి నీడన ఆరబెట్టండి, పొయ్యి దగ్గర పెడితే తోలు పెళుసెక్కుతుంది. నెలకోసారి కొద్దిగా ఆముదం రాయండి, పాత ఇంజనాయిలు వద్దు. పొద్దున తొడిగే ముందు తలకిందులు చేసి దులపండి, తేలు ఉండవచ్చు.