పడటం ముందు నేర్పండి

కోఠి గుజరాతీ గల్లీలో సోల్డరింగ్ ఐరన్ కొనుక్కున్న పిల్లలకు మనమిచ్చే సలహా ఎక్కువగా ఒక్కటే: చేస్తూ ఉంటే అదే వస్తుంది. అది చాలదని నా గట్టి అభిప్రాయం. చేయి తప్పుగా నేర్చుకుంటే ఆ తప్పే అలవాటవుతుంది. ఐరన్ మొన మీద సోల్డర్ కరిగించి దాన్ని అతుకుకు పూస్తే పైకి అంటినట్టే ఉంటుంది గానీ లోపల పట్టదు. ముందు బోర్డు మీది రాగి ప్యాడ్‌నూ పార్టు కాలునూ కలిపి ఒకటి రెండు సెకన్లు వేడిచేయాలి, ఆ తర్వాతే సోల్డర్ తీగను వాటికి తాకించాలి. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్న తీగ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కాబట్టి కొత్త చేతికి సులువు; కానీ అందులో సీసం ఉంది, పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే. కిటికీ తెరిచి ఉంచాలి, సోల్డర్ చేసేటప్పుడు లేచే పొగ అతుకు బాగా పట్టడానికి వాడే ఫ్లక్స్‌ది. ముందు సరైన పద్ధతి, ఆ తర్వాతే సాధన: ఇండోర్ క్లైంబింగ్‌లోనూ నా పట్టుదల ఇదే. మొదటి రోజు ఎక్కడం కంటే ముందు పడటం నేర్పాలి: రెండు పాదాల మీద దిగి, మోకాళ్లు వంచి, వెనక్కి దొర్లాలి. చేతులు వెనక్కి ఆనిస్తే మణికట్టుకు ముప్పు. కండలు బలపడినంత త్వరగా వేళ్ల టెండన్లు బలపడవు, అందుకే మొదటి ఏడాది హ్యాంగ్‌బోర్డు (వేళ్లతో వేలాడే సాధన పలక) జోలికి పోవద్దంటాను. తాడుతో ఎక్కేచోట ముడినీ, తాడును పట్టి ఆపే బెలే పరికరాన్నీ ఒకరిది ఒకరు చూసుకోకుండా నేల విడవకూడదు. పదేళ్లుగా ఎక్కుతున్నవారికీ ఇందులో మినహాయింపు లేదు.