జాజికాయ ఖరీదు

మొన్న లడ్డూల్లోకి జాజికాయ పొడి చేస్తూ మా ఆవిడ దాని ఖరీదు చూసి విసుక్కుంది. నాకు బటేవియా గుర్తొచ్చింది.

1619లో జావా తీరాన జయకర్తను తగలబెట్టి డచ్చి వర్తక కంపెనీ కట్టుకున్న రేవుపట్నమది. రాజు లేడు. కంపెనీ గవర్నరే ఏలిక, సేనాని కూడాను. ఆ గవర్నరు కూన్ 1621లో బందా ద్వీపాల మీద పడ్డాడు. జాజికాయ తమకు తప్ప ఇంకెవరికీ అమ్మకూడదట! సుమారు 15,000 మంది ఉన్నచోట వెయ్యిమంది మిగిలారంటారు. తోటల్లోకి బానిసల్ని దింపారు.

ఆ దీవుల్లో సుగంధద్రవ్యాలకు బదులిచ్చింది చాలావరకు గుడ్డలే. మన మచిలీపట్నం నుంచీ వెళ్ళాయి. 1605 నాటికే అక్కడ వాళ్ళ కొఠీ ఉంది మరి. నేసినవాడికి ఈ సంగతులేం తెలుసు!

అంతా విని మా ఆవిడ, "ఇంతకీ ఇంకో కాయ వెయ్యమంటారా, మానమంటారా?" అంది.