హెర్నియా సంచిలో ఏముంది?

కిందటి సంచికలో షుగరు గురించి రాస్తే ఒక మిత్రుడు, "డాక్టరుగారూ, ఈసారి మగవాళ్ళు పైకి చెప్పుకోని జబ్బేదైనా రాయండి" అన్నారు. హెర్నియాను మించి అటువంటిది ఏముంటుంది!

మన బురైమిలో బరువులెత్తే పనుల్లో ఉన్నవాళ్ళు చాలామందే. గజ్జలో నిమ్మకాయంత వాపు. దగ్గితే వస్తుంది, పడుకుంటే పోతుంది. "సెలవుకి ఇండియా వెళ్ళినప్పుడు చూపించుకుందాంలే" అని బెల్టు బిగించుకుని రెండేళ్ళు గడిపేస్తారు. కొందరు వరిబీజమనుకుంటారు కూడా. పొట్ట గోడ బలహీనంగా ఉన్నచోట లోపలి పొర సంచిలా బయటికి జారడమే హెర్నియా. మామూలుగా అందులో కాస్త కొవ్వో, పేగు వంపో ఉంటుంది. స్కానింగులు ఉన్న ఈ రోజుల్లో కూడా, సంచి తెరిచాక మేము ఆశ్చర్యపోయే సందర్భాలు ఉన్నాయి.

1735 డిసెంబరులో లండన్ సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో క్లాడియస్ అమ్యాండ్ అనే సర్జను 11 ఏళ్ళ పిల్లవాడికి ఆపరేషన్ చేశాడు. ఈయన కుటుంబం ఫ్రాన్సు నుంచి వలస వచ్చింది, అంటే మనబోటివాడే. సంచి తెరిస్తే లోపల అపెండిక్స్! పిల్లవాడు ఎప్పుడో మింగిన గుండుసూది దాన్ని పొడుచుకుని ఉంది. ఈథర్ మత్తు 1846లో గాని రాలేదు. మత్తు లేకుండా దాదాపు అరగంట కోత, ఆ బిడ్డ ఎలా ఓర్చుకున్నాడో! అపెండిక్స్ తీసేశాడు, పిల్లవాడు బతికాడు. నమోదైన అపెండిక్స్ ఆపరేషన్లలో విజయవంతమైనది అదే మొదటిదంటారు. ఇప్పుడైతే అపెండిక్స్ ఆరోగ్యంగా ఉంటే సాధారణంగా లోపలికి నెట్టి మెష్ వేస్తాం. చీము పట్టి ఉంటే తీసేసి, మెష్‌కి ఇన్ఫెక్షన్ వస్తుందని కుట్లతోనే సరిపెడతాం.

పెద్ద వయసు మగవారిలో మూత్రాశయం జారి ఉండవచ్చు. ఒకసారి వెళ్ళొచ్చాక, వాపు నొక్కితే మళ్ళీ మూత్రం వస్తోందంటే ఆ సంగతి సిగ్గుపడకుండా డాక్టరుకి ముందే చెప్పండి. ఆడపిల్లల్లో అండాశయం ఉండవచ్చు. అది మెలిపడే ప్రమాదముంది కనుక ఆలస్యం పనికిరాదు.

అన్నిటికన్నా అరుదైనది, మగవాడి హెర్నియాలో గర్భసంచి. నమ్మలేరు కదూ! తల్లి కడుపులో మొదట ప్రతి పిండానికీ రెండు రకాల నాళాలూ ఉంటాయి. మగపిండంలో వృషణాలు ఒక హార్మోను విడుదల చేసి ఆడ నాళాన్ని కరిగించేస్తాయి. ఆ హార్మోను తయారు కాకపోయినా, శరీరం దానికి స్పందించకపోయినా గర్భసంచి మిగిలిపోతుంది. మనిషి మాత్రం మగవాడే. గడ్డం, గొంతు, క్రోమోజోములు అన్నీ మగవే. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒక్కొక్క లోపపు జన్యువు చేరితే వస్తుంది కనుక దగ్గరి పెళ్ళిళ్ళలో ఎక్కువ. మేనరికాలు మనకీ ఉన్నాయి, ఇక్కడి ఒమానీలకీ దగ్గరి సంబంధాలున్నాయి.

ఇండియాలో పనిచేసేటప్పుడు ఒక్క కేసు చూశాను. మా పెద్ద సర్జను తొందరపడి గర్భసంచి కోసెయ్యలేదు. వీర్యనాళం దాని గోడని అంటుకునే ఉంటుంది, తెగితే అంతే. పరీక్షకి చిన్న ముక్క తీసి మూసేశారు. బయట తండ్రి, మేనమామ, మరో పదిమంది. "హెర్నియా బాగుచేశాం, మిగతావి అబ్బాయితో మాట్లాడతాను" అన్నారంతే. ఇది నాకు నచ్చింది. మన దగ్గర రోగికన్నా ముందు ఊరికి తెలుస్తుంది.

మర్నాడు అంతా విన్నాక ఆ కుర్రాడు అడిగింది ఒకటే: "నా పెళ్ళి?" కాపురానికి అడ్డు లేదని, పిల్లల మాట పరీక్షల తరువాత చెప్పగలమని అన్నారు. నాన్నకి చెప్పవద్దన్నాడు. చెప్పలేదు.

ఇటువంటివారిలో చాలామందికి చిన్నప్పుడే ఒక వృషణం కిందికి దిగి ఉండదు. మీ బాబుకి ఆరు నెలలు నిండినా దిగకపోతే, "పెద్దయ్యాక అదే దిగుతుంది" అనే అమ్మమ్మల మాట పక్కనబెట్టి సర్జనుకి చూపించండి. దిగని వృషణంలో ముందుముందు కాన్సరు వచ్చే అవకాశం కూడా కాస్త ఎక్కువ.