పదహారేళ్ళకు బీపీ! ఆటస్థలం లేని కాలేజీకి గుర్తింపు వద్దు

తల్లిదండ్రులారా!

పోయిన ఆదివారం మా కాలనీ వైద్య శిబిరానికి తాతకు తోడుగా ఇంటర్ మొదటి సంవత్సరం కుర్రాడొకడు వచ్చాడు. మనిషి బాగా లావు. నర్సమ్మ అతని చేతికీ బీపీ పట్టీ చుట్టింది. 148/94. కాసేపు కూర్చోబెట్టి చూసినా, బుధవారం మళ్ళీ పిలిచి చూసినా అంకె దిగలేదు. తాతకంటే మనవడికే ఎక్కువ! మెడ వెనక నల్లటి చార. మురికనుకుని వాళ్ళమ్మ ఏడాదిగా శనగపిండితో రుద్దుతోందట. మురికి కాదు తల్లీ! లావుపాటి పిల్లల్లో ఆ నలుపు చాలాసార్లు ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు.

"వయసొస్తే ఒళ్ళు అదే కరుగుతుంది" అంటారా? కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెలను కోసి చూసిన డాక్టర్లు 1953లోనే చెప్పారు. సగటు వయసు 22. నూటికి 77 మందికి గుండె రక్తనాళాల్లో జబ్బు ఆనవాళ్ళు! నలభైలో వచ్చే గుండెపోటుకు బీజం కుర్ర వయసులోనే పడుతోంది.

ఇక అసలు దోషి సంగతి. పదో తరగతి కాగానే పిల్లల్ని ఎక్కడికి పంపుతున్నాం? అపార్ట్‌మెంట్లో నడిచే కాలేజీకి. పొద్దున ఆరింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికీ స్టడీ అవర్. ఆటస్థలం ఏదంటే డాబా చూపిస్తారు. దానికీ తాళం! రోజుకు 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తుకుంటోంది. మన పిల్లలకు వారం మొత్తానికి అన్ని నిమిషాలున్నాయా? లక్షల ఫీజు కట్టి బిడ్డల్ని బెంచీకి కట్టేసి వస్తున్నాం. ఆడితే ర్యాంకు పోతుందనే యాజమాన్యం ఆ కుర్రాడి బీపీ చీటీ చూడాలి.

గేటు దాటితే నూడుల్స్ బండి, కూల్‌డ్రింకులు. కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన తిండి స్కూలు గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020లోనే దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన తెచ్చింది. టేపు పట్టి కొలిచినవాడెవడు? ఇక ఆరోగ్య పరీక్షలంటారా, ప్రభుత్వ బడుల పిల్లలకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. ప్రైవేటు కాలేజీ పిల్లల్ని చూసే దిక్కేది?

ఆటస్థలం లేని కాలేజీకి ఇంటర్ బోర్డు గుర్తింపు పొడిగించకూడదు. సాయంత్రం గంట ఆట టైంటేబుల్లో ఉండాలి. ఏడాదికి రెండుసార్లు ప్రతి విద్యార్థికీ బీపీ, నడుము చుట్టుకొలత చూడాలి, తేడా ఉంటే రక్తపరీక్ష చేయించాలి. 50 మీటర్ల నిబంధన కాలేజీ గేట్ల దగ్గరా అమలు కావాలి. లావుగా ఉన్నారని పిల్లల్ని ఎగతాళి చేయకండి. తప్పు వాళ్ళది కాదు.

వచ్చే పేరెంట్స్ మీటింగులో మార్కుల చీటీ అందుకునే ముందు లేచి నిలబడండి. మా పిల్లలు ఆడుకునే చోటు ఎక్కడని అడగండి. చూపించేదాకా కూర్చోకండి.