సహజమే, కానీ సాధువు కాదు

ముసురు పట్టిందంటే ఖమ్మంలో ఇంటికొకరు దుప్పటి కప్పుకుంటారు. ఇక చర్ల, దుమ్ముగూడెం వైపు సంగతి చెప్పక్కర్లేదు. జ్వరం రెండో రోజుకే 'ఇమ్యూనిటీ పెంచే ఇంజెక్షన్ ఏదైనా వేయండి డాక్టర్ గారూ' అంటారు. వైరస్‌ను చంపే సహజ ప్రోటీన్ గురించి ఫోన్‌లో చదివామంటారు.

అలాంటి ప్రోటీన్ నిజంగానే ఉంది. పేరు ఇంటర్‌ఫెరాన్. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రవేత్తలు కోడి పిండపు పొరల మీద ఫ్లూ వైరస్‌ను పరీక్షిస్తూ దీన్ని పట్టుకున్నారు. వైరస్ సోకిన కణం 'దొంగలు పడ్డారు, జాగ్రత్త' అని పక్క కణాలకు పంపే కబురు ఇది. బాక్టీరియాకు పెన్సిలిన్ ఎలాగో, వైరస్‌లకు ఇది అలాగని అప్పట్లో అంతా ఆశపడ్డారు.

ఆశ ఫలించడానికి ఏళ్లు పట్టింది. ఫిన్లాండ్‌లో కారి కాంటెల్ రక్తదాతల తెల్లకణాల నుంచి దీన్ని తీసేవారు. ఎంతో రక్తం వాడితే దక్కేది కాస్తంతే. 1980లో జన్యువును బాక్టీరియాలో పెట్టి తయారుచేయడం నేర్చాక గానీ సరిపడా దొరకలేదు. అమెరికాలో మందుగా తొలి అనుమతి 1986లో, అదీ ఓ అరుదైన రక్తక్యాన్సర్‌కు. హెపటైటిస్ సి కి 1991లో. తర్వాత మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ కూడా దీన్ని తయారుచేసింది.

హెపటైటిస్ సి రోగులు ఈ సూదులు నెలల తరబడి వేయించుకునేవారు. సూది పడ్డాక చలి, జ్వరం, ఒళ్లునొప్పులు. కొందరికి తీవ్రమైన దిగులు. అసలు వైరల్ జ్వరంలో మనల్ని మంచం ఎక్కించే నొప్పుల్లో చాలా వరకు మన ఇంటర్‌ఫెరాన్ పనే! ఇంకోటి, ఈ మందు ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది. డెంగీ మనిషికి అదెంత ప్రమాదమో వేరే చెప్పాలా? ఇప్పుడు హెపటైటిస్ సి కి చాలామందికి మాత్రలే సరిపోతున్నాయి.

కోవిడ్‌లోనూ దీన్ని ప్రయత్నించారు. ఆసుపత్రిలో చేరినవారిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షించిన రకం మరణాలను తగ్గించలేదు. వేరే రకాన్ని జబ్బు మొదటి రోజుల్లోనే ఇస్తే మేలు కనిపించిందని 2023లో ఓ అధ్యయనం చెప్పింది. రకం, సమయం, జబ్బు ఏది మారినా లెక్క మారుతుంది. అందుకే గాజుపాత్రలో గెలిచిన ప్రతి ప్రోటీన్‌నూ నేను మందు అనను, ఎవరెంత అడిగినా.

మన ఏజెన్సీ పక్కన జ్వరమంటే ముందు మలేరియా, డెంగీ రక్తపరీక్షలు. పారాసిటమాల్, ద్రవాలు, విశ్రాంతి. డెంగీలో జ్వరం దిగిన రోజే ఎక్కువ కనిపెట్టి ఉండాలి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల రక్తం, మగత కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.